టేపు చుట్టిన బజర్లు

మట్టి తవ్వే ప్రొక్లైనర్ క్యాబిన్‌లో సీటు పక్కన ప్యానెల్ మూత విప్పితే హెచ్చరిక బజరు కనిపిస్తుంది. ఆ బజరు రంధ్రంలో నేను చూడని వస్తువంటూ లేదు. నూనె తుడిచే దూది, నలిపి కుక్కిన సిమెంటు సంచి ముక్క, ఎండి రాయైపోయిన గ్రీజు, పొరలు పొరలుగా చుట్టిన నల్ల టేపు. కొందరు అంత శ్రమ కూడా పడరు, తీగ కత్తిరించి కొసలను బుద్ధిగా మడిచి లోపలికి తోసేస్తారు. నిర్మాణ స్థలాల్లో యంత్రాలకు హెచ్చరిక పరికరాలు బిగించడం, అవి మూగబోతే మళ్లీ మాట్లాడించడం నా వృత్తి. కాబట్టి ఇవన్నీ చూసి నాకు కోపం రావాలి. సైటు భద్రతాధికారికి వస్తుంది కూడా. ఆయన ఆపరేటర్‌ను పిలిచి నాలుగు చీవాట్లు పెట్టి, రిజిస్టరులో సంతకం చేయించుకుంటాడు. నాకు మాత్రం ఆ టేపును చూడగానే, ఈ పరికరం రోజంతా ఏదో చెబుతోందని, అందులో ఈ మనిషికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదని అర్థమవుతుంది.

పెద్ద వయసు ఆపరేటర్ ఒకాయన ఉండేవాడు. నేను టేపు పీకి కొత్త బజరు బిగిస్తుంటే పక్కన నిలబడి అంతా చూశాడు. అడ్డు చెప్పలేదు, సాకులు చెప్పలేదు. పని పూర్తయ్యాక, "తమ్ముడూ, మోగడం దానికి బాగానే నేర్పారు. ఎప్పుడు మోగకూడదో కూడా నేర్పించి తీసుకురా, అప్పుడు టేపు నేనే పారేస్తాను" అన్నాడు. ఈ రంగంలో నేను చదివిన సాంకేతిక పత్రాలన్నిటికంటే ఆ మాటే నాకు ఎక్కువగా ఉపయోగపడింది.

బండి వెనక్కి వస్తున్నప్పుడు మోగే రివర్స్ హారన్ సంగతే చూడండి. సైటులో అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది అదే. జపాన్‌లో యమగుచి ఎలక్ట్రిక్ అనే సంస్థ 1963లో దీన్ని తయారు చేసింది. తర్వాత అనేక దేశాల నిబంధనల్లోకి ఎక్కింది. అమెరికాలో వృత్తి భద్రతను చూసే ఓషా నిబంధన ప్రకారం, వెనుక భాగం సరిగా కనిపించని వాహనాన్ని వెనక్కి నడపాలంటే చుట్టూ ఉన్న మోతను మించి వినిపించే హారన్ అయినా ఉండాలి, దారి చూపే మనిషి అయినా ఉండాలి. సైట్లలో ఈ రెండో సగం చాలామందికి గుర్తుండదు. మనిషికి జీతం ఇవ్వాలి, హారన్‌కు అక్కర్లేదు కదా.

"చుట్టూ ఉన్న మోతను మించి" అని రాసినంత తేలిక కాదు ఆ పని. ఈ హారన్లు సాధారణంగా 97 నుంచి 112 డెసిబెల్స్ దాకా ఉంటాయి, అదీ నాలుగడుగుల దూరంలో కొలిస్తే. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 107 డెసిబెల్స్ హారన్ పది మీటర్ల దూరానికి చేరేసరికి 89కి వస్తుంది. ఆ పది మీటర్ల దూరంలో మన మనిషి బ్రేకర్‌తో కాంక్రీటు పగలగొడుతూ ఉంటాడు. అతని చెవి దగ్గర మోతే 90 దాటి ఉంటుంది. ప్రమాద సంకేతాల గురించి చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7731, మొత్తం శబ్దంతో పోల్చి చూసేటప్పుడు, సంకేతం చుట్టూ ఉన్న మోతకంటే కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలంటుంది. అంటే బ్రేకర్ పట్టుకున్నవాడికి 105 చేరాలి. ఆ లెక్కన ఈ హారన్ అతనికి సరిగ్గా వినిపించాలంటే లారీ అతని వీపుకు తగలబోతూ ఉండాలి. పోనీ హారన్ శబ్దం పెంచుదామా అంటే, బ్రేకర్ పట్టుకోని మిగతా అందరి చెవులూ చెడతాయి. 85 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు పనిచేయడమే హద్దు అని అమెరికా పరిశోధనా సంస్థ నయాష్ చెబుతుంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గిపోతుంది.

ఇంకో తిరకాసు ఉంది. పాత రకం హారన్‌ది ఒకే స్వరం, సుమారు 1250 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో తేల్చుకోవడానికి మన చెవులకు సరిగ్గా ఆ స్వరమే కష్టమైనది. తక్కువ పౌనఃపున్యాలైతే రెండు చెవులకూ చేరే సమయంలో తేడాను బట్టి మెదడు దిక్కు పోల్చుకుంటుంది. ఎక్కువ పౌనఃపున్యాలైతే తల అడ్డుపడి ఒక చెవికి శబ్దం తగ్గుతుంది, ఆ తేడా ఆధారం. ఈ మధ్యలో ఉన్న స్వరానికి రెండు ఆధారాలూ అంతంతమాత్రమే. ఇక ముందా వెనుకా అన్నది తేల్చేది చెవి డొప్ప మడతలు. వాటికి ఎక్కువ పౌనఃపున్యాలు కావాలి, పైగా ఆ డొప్ప మీద మనమే ఇయర్‌మఫ్ పెట్టించాం. అందుకే హారన్ వినిపించగానే పనివాళ్లు తల అటూ ఇటూ తిప్పుతారు. తిప్పి, తమవైపు ఏ బండీ రావడం లేదనుకుని మళ్లీ పనిలో పడతారు.

దీనికి మెరుగైన మందు కొంతకాలంగా అందుబాటులోనే ఉంది. ఒకే స్వరానికి బదులు అనేక పౌనఃపున్యాలను కలిపి బుస్సుమని వినిపించే హారన్లు అవి. దిక్కు వెంటనే తెలుస్తుంది, దూరం వెళ్లేకొద్దీ చుట్టూ ఉన్న మోతలో కలిసిపోతుంది కాబట్టి సంబంధం లేనివాళ్లను వేధించదు. మొదటిసారి బిగించినప్పుడు సైటు ఇంజినీరు, "ఇది అలారంలా లేదండీ, టైరులో గాలి పోతున్నట్లుంది" అని పెదవి విరిచాడు. లారీ వెనుక నిలబడి కళ్లు మూసుకుని వినమన్నాను. తర్వాత మాట మార్చాడు.

ఇలాంటి చోట అందరూ "నాన్నా పులి" కథ గుర్తుచేస్తారు. ఆ కథ ఇక్కడ సరిపోదు. ఆ కుర్రవాడు అబద్ధమాడాడు. రివర్స్ హారన్ ఎన్నడూ అబద్ధమాడదు, బండి ప్రతిసారీ నిజంగానే వెనక్కి వస్తోంది. కాకపోతే ఆ నిజం సైటులో అందరికీ వినిపిస్తుంది, ఒక్కరికి తప్ప ఎవరికీ దానితో పని ఉండదు. పనికిరాని నిజాన్ని రోజూ వింటే మనిషి దాన్ని పెడచెవిన పెట్టడం నేర్చుకుంటాడు. అది నిర్లక్ష్యం కాదు. అలా నేర్చుకోకపోతే ఆ మోతలో ఎవరూ పనిచేయలేరు.

సరే, సంబంధం ఉన్నవాడికే చెప్పే పరికరం పెడదాం అని ట్యాగులు వచ్చాయి. పనివాడి హెల్మెట్‌కో జాకెట్‌కో చిన్న బిళ్ల, యంత్రం మీద దాన్ని కనిపెట్టే పెట్టె. మనిషి దగ్గరికి రాగానే క్యాబిన్‌లో బజరు మోగుతుంది, మనిషి భుజం మీద బిళ్ల అదురుతుంది. వినడానికి బాగుంది. ఇప్పుడు లెక్క వేద్దాం. గంటకు పది కిలోమీటర్ల వేగంతో వెనక్కి వస్తున్న టిప్పర్ సెకనుకు 2.8 మీటర్లు కదులుతుంది. బజరు విని, అదేమిటో గ్రహించి, డ్రైవరు బ్రేకు మీద కాలు వేయడానికి ఒకటిన్నర సెకను అనుకోండి. అప్పటికే నాలుగు మీటర్లు పోయాయి. నిండు లోడుతో బండి ఆగడానికి ఇంకో రెండు మీటర్లు. ఈలోగా మనిషి కూడా బండి వైపే నడుస్తుంటే ఆ ఒకటిన్నర సెకనులో అతనూ రెండు మీటర్లు వస్తాడు. మొత్తం ఎనిమిది. కాబట్టి ఎనిమిది మీటర్ల లోపల మొదటి హెచ్చరిక ఇచ్చే పరికరం, నడిచే బండి విషయంలో ఉన్నా లేనట్టే.

మరి ఎనిమిది మీటర్లకు పెట్టేద్దామా? ఇరుకు సైటులో ఎనిమిది మీటర్ల వలయం గీస్తే అందులో కడ్డీలు కట్టేవాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, సర్వే చేసేవాళ్లు, అటుగా పోయే ప్రతివాడూ పడతాడు. బజరు ఆగదు. సాయంత్రానికి టేపు పడుతుంది. నా వృత్తిలో అసలు చిక్కు ఇదే. దగ్గరికి పెడితే ఆలస్యం, దూరంగా పెడితే గోల. పరికరం అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు, వాళ్ల బొమ్మల్లో యంత్రం చుట్టూ ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వలయాలు చక్కగా, గుండ్రంగా ఉంటాయి.

యంత్రం ప్రమాదం గుండ్రంగా ఉండదు. ఇరవై టన్నుల ప్రొక్లైనర్‌ను తీసుకోండి. అది నిమిషానికి పది పన్నెండు చుట్లు తిరగగలదు, అంటే సగం చుట్టు మూడు సెకన్లలోపే అయిపోతుంది. వెనుక ఉన్న బరువు దిమ్మె నడిమధ్య నుంచి దాదాపు మూడు మీటర్ల దూరంలో ఉంటుంది, సెకనుకు మూడు మీటర్ల పైచిలుకు వేగంతో ఊడ్చుకుంటూ వస్తుంది. మనుషులు నలిగేది చాలాసార్లు బకెట్ కింద కాదు, ఆ దిమ్మెకూ గోడకూ మధ్య. బకెట్ అందరికీ కనిపిస్తుంది, దాన్ని చూసి జరుగుతారు. దిమ్మె కదలకుండా నిలబడి ఉన్నట్లే ఉంటుంది, దాని వెనుక నీడ కూడా ఉంటుంది, కొంచెం సేపు నిలబడదామనిపిస్తుంది. అందుకని నేను ప్రొక్లైనర్‌కు బిగించేటప్పుడు ముందు వైపు వలయం తగ్గించి, వెనుక, కుడివైపు పెంచుతాను. కుడివైపు ఎందుకంటే ఆపరేటర్ ఎడమవైపు కూర్చుంటాడు, కుడివైపు చూపుకు బకెట్‌ను మోసే పొడవాటి చేయి, అంటే బూమ్ అడ్డుపడుతుంది. ఇంజిను ఆగి ఉన్నా, లీవర్లకు తాళం పడి ఉన్నా బజరు మోగకుండా తీగ కలుపుతాను. ఈ ఒక్క పనితోనే గోల సగం తగ్గుతుంది. పెద్దాయన అడిగిన చదువు ఇదే.

ట్యాగుల్లోనూ రకాలున్నాయి. సంకేతం బలాన్ని బట్టి దూరం అంచనా వేసే రేడియో రకం చవక, కానీ మనిషి ఒళ్లు చాలావరకు నీరే కదా, అది రేడియో తరంగాలను పీల్చేస్తుంది. బిళ్ల ఛాతీ మీద ఉండి మనిషి యంత్రానికి వీపు పెడితే పరికరానికి అతను చాలా దూరంగా ఉన్నట్లు తోస్తుంది. వీపు పెట్టినవాడికే హెచ్చరిక ఎక్కువ అవసరమన్నది వేరే సంగతి. అల్ట్రా వైడ్‌బ్యాండ్ రకం బలాన్ని కాక, తరంగం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. నానోసెకనుకు 30 సెంటీమీటర్ల లెక్కన దూరం చాలా కచ్చితంగా చెబుతుంది. యంత్రం చుట్టూ అయస్కాంత క్షేత్రం సృష్టించే రకం ఒళ్లు, మట్టి, గోడ దాటి పనిచేస్తుంది కాబట్టి గనుల్లో స్థిరపడింది. అమెరికాలో భూగర్భ బొగ్గు గనుల్లో తవ్వే యంత్రాలకు దగ్గరితనం పసిగట్టే పరికరాలను 2015లో తప్పనిసరి చేశారు. ఆ నిబంధనలో నాకు నచ్చిన భాగం ఏమిటంటే, పరికరం హెచ్చరించి ఊరుకుంటే చాలదు, మనిషికి తగిలేలోపు యంత్రాన్ని ఆపాలి. నిర్మాణ రంగంలో చాలావరకు మనం ఇంకా హెచ్చరించి ఊరుకునే దశలోనే ఉన్నాం.

కెమెరాల గురించి ఎక్కువ చెప్పను. మనిషిని గుర్తుపట్టే కెమెరాలు ఏటికేడు బాగుపడుతున్నాయి. కానీ నిలబడి ఎదురుగా చూస్తున్న మనిషిని ఏ కెమెరా అయినా గుర్తుపడుతుంది. గొంతుక్కూర్చుని కడ్డీలు కడుతున్నవాడిని, ప్లైవుడ్ పలక ఎత్తుకుని కాళ్లు మాత్రమే కనిపిస్తున్నవాడిని, గుంతలో నడుము దాకా దిగినవాడిని పెట్టి పరీక్షించండి. ఆ తర్వాత లెన్సు మీద ఒక పూట దుమ్ము పడనిచ్చి మళ్లీ పరీక్షించండి.

క్రేన్ల సంగతి కొంచెం వేరు. బూమ్ చాపిన దూరాన్ని, కొక్కేనికి తగిలించిన బరువును కలిపి లెక్కగట్టి, హద్దు దగ్గరపడితే హెచ్చరించి, దాటితే కదలికనే ఆపేసే పరికరం క్రేన్‌లో ఉంటుంది. నిజంగా మంచి పరికరం. గాలి వేగాన్ని కొలిచే గిన్నెలు కూడా టవర్ క్రేన్ తలమీద తిరుగుతుంటాయి. చాలా టవర్ క్రేన్లలో గంటకు 50 కిలోమీటర్ల దగ్గర ముందస్తు హెచ్చరిక, 72 దగ్గర పని ఆపమనే హెచ్చరిక. అయితే బరువు లెక్క చూసే పరికరం మనం చెప్పినదాన్ని నమ్ముతుంది. బండి మీద ఉండే క్రేన్ ఒరగకుండా పక్కలకు చాపే కాళ్లుంటాయి, వాటిని పూర్తిగా చాపామని ఆపరేటర్ నొక్కితే, చాపకపోయినా చాలా పాత క్రేన్లలో అది చాపినట్లే లెక్క వేస్తుంది. ఆ కాళ్ల కింద నేల మెత్తగా ఉందో గట్టిగా ఉందో దానికి అసలు తెలియదు. కూలిన క్రేన్ తెర మీద చివరి క్షణం వరకు అంతా పచ్చగానే కనిపించి ఉండవచ్చు.

హెచ్చరిక లేకపోతే చావే అన్న చోటు మాత్రం ఒకటుంది. మ్యాన్‌హోల్, ట్యాంకు, లోతైన గుంత. యంత్రం వస్తుంటే కళ్లున్నాయి, చెవులున్నాయి, ఏదో ఒకటి చెబుతుంది. గాలిలో ఆక్సిజన్ తగ్గితే ఒంటికి ఏమీ తెలియదు, ఊపిరాడనట్లు కూడా అనిపించదు. మనిషి నవ్వుతూ దిగి కూలిపోతాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, 100 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో వంద భాగాల దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసన పోతుంది. వాసన పోయింది, గాలి బాగుపడిందనుకుని లోపలికి దిగినవాళ్లున్నారు. కింద పడినవాడిని చూసి ఇంకొకడు దూకుతాడు, వాడి కోసం మూడోవాడు. ఇరుకు చోట్ల మరణాల్లో 60 శాతానికి పైగా ఇలా కాపాడబోయినవాళ్లవేనని నయాష్ 1986లోనే రాసింది. అందుకే ఇక్కడ ఆక్సిజన్, మండే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్‌లను కొలిచే నాలుగు వాయువుల డిటెక్టర్‌కు నేను దండం పెడతాను. బొగ్గు గనుల్లో విషవాయువును ముందే పసిగట్టడానికి ఉంచిన కెనరీ పిట్ట చేసిన పనిని ఇది చేస్తుంది. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టలకు 1986లో సెలవు ప్రకటించి ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టారు.

అయితే ఈ డిటెక్టర్‌ను వాడే తీరు చూస్తే నాకు కడుపు మండుతుంది. జేబుకు తగిలించుకుని దిగుతారు. అది మోగేసరికి మనిషి లోపలే ఉంటాడు కదా. ముందు పైనుంచే గొట్టం దింపి గాలిని లాగి చూడాలి. అదీ ఒక లోతులో కాదు. మీథేన్ తేలిక, పైకి చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగున పడుకుంటుంది. కార్బన్ మోనాక్సైడ్ గాలితో దాదాపు సమానం, ఎక్కడైనా ఉండవచ్చు. పైన, మధ్యలో, అడుగున, మూడు చోట్లా ఆగి, గొట్టంలో గాలి పరికరం దాకా చేరడానికి సమయం ఇచ్చి చూడాలి. అంకెల్లో మొదట ఆక్సిజన్ చూడాలి, 19.5 శాతానికి తగ్గకూడదు, 23.5కు మించకూడదు. అది మొదట ఎందుకంటే, మండే వాయువును కొలిచే సెన్సర్లలో ఎక్కువ వాడే రకం లోపల ఆ వాయువును కొద్దిగా మండించి కొలుస్తుంది. ఆక్సిజన్ బాగా తక్కువైతే అది మండదు. గుంత నిండా మీథేన్ ఉన్నా అంకె తక్కువే చూపిస్తుంది. ఇంకొకటి, ఆ సెన్సర్‌కు సిలికోన్ విషం. పక్కన నిలబడి ఎవరైనా సిలికోన్ స్ప్రే కొడితే చాలు, అది చచ్చిపోతుంది. తెర వెలుగుతుంది, మిగతా అంకెలు మారుతుంటాయి, మండే వాయువు దగ్గర మాత్రం సున్నా సున్నాగానే ఉంటుంది. అందుకే ప్రతి ఉదయం తెలిసిన వాయువు కొంచెం చూపించి మోగుతోందో లేదో పరీక్షించాలి. బటన్ నొక్కితే కీచుమనడం పరీక్ష కాదు, దానివల్ల బ్యాటరీ ఉందని మాత్రమే తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనిషి చెవికి చేరాల్సిన హెచ్చరికలు. చెవికి చేరాక కూడా పని జరగని సందర్భానికి సింగపూర్‌లోని నికోల్ హైవే నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. సర్కిల్ లైన్ మెట్రో సొరంగం కోసం 30 మీటర్ల దాకా తవ్విన గుంత 2004 ఏప్రిల్ 20న మధ్యాహ్నం కూలిపోయింది. నలుగురు చనిపోయారు. అక్కడ పరికరాలకు కొరత లేదు. గోడ ఎంత వంగుతోందో చెప్పే ఇంక్లినోమీటర్లు, అడ్డు దూలాల మీద ఎంత ఒత్తిడి పడుతోందో చెప్పే గేజీలు ఉన్నాయి. అవి చెప్పాయి కూడా. గోడ డిజైను అంచనాలను దాటి వంగింది. అప్పుడు పని ఆపడానికి బదులు, కొలతలకు సరిపోయేలా లెక్కలు మళ్లీ చేసి హద్దులనే పైకి జరిపారు. విచారణ సంఘం నివేదికలో ఇదంతా ఉంది. కూలిన రోజు ఉదయం నుంచే దూలాల దగ్గర శబ్దాలు వినిపించాయి, అతుకుల దగ్గర ఇనుము వంగడం కంటికి కనిపించింది. తన మనుషులను పైకి పంపిన ఒక ఫోర్‌మన్ తాను బయటపడలేదు, అతని శరీరం దొరకనే లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే అయినా, ఆ తర్వాత సింగపూర్ 2006లో కొత్త భద్రతా చట్టం తెచ్చింది.

ఆ ఘటన గురించి చదివినప్పటి నుంచి నేను గుంతల దగ్గర వంపు సెన్సర్లు పెట్టమని పిలిచే ప్రతివారినీ ముందుగా అడిగేది సెన్సర్ల సంఖ్య గురించి కాదు. ఎరుపు వస్తే పని ఆపే అధికారం ఎవరిది? అర్ధరాత్రి వస్తే? ఆ మనిషి సెలవులో ఉంటే? హద్దు మార్చాలంటే ఎవరు సంతకం చేయాలి, పని వెనకబడితే అక్షింతలు తినే మనిషే ఆ సంతకం చేసేవాడా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి సమావేశం పెట్టాల్సి వస్తే, సెన్సర్లు ఆ తర్వాతే తెమ్మంటాను. కొందరు వేరే మనిషిని పిలుచుకున్నారు. వాళ్ల ఇష్టం.

ఎత్తు మీది పనికి కూడా ఇప్పుడు తెలివైన బెల్టులు వచ్చాయి. కొక్కెం తగిలించకుండా ఎక్కితే అరుస్తాయి. కాదనను, కానీ రెయిలింగు కట్టగలిగిన చోట బెల్టు అరుపు పెట్టుకోవడం నాకు మింగుడుపడదు. గోల్డెన్ గేట్ వంతెన కట్టేటప్పుడు కింద వల కట్టారు, అది 19 మందిని పట్టుకుంది. 1937 ఫిబ్రవరి 17న పరంజా ఊడిపడి ఆ వలను చీల్చుకుని పోయింది, 10 మంది మరణించారు. కాబట్టి వలకూ హద్దుంది. అయినా అది పట్టుకున్న 19 మందిలో ఒక్కడు కూడా ఏ శబ్దమూ వినాల్సిన అవసరం రాలేదు.

చివరగా ట్యాగుల గురించి పనివాళ్లు నన్ను అడిగే ప్రశ్న. "అన్నా, ఇది మేం ఎంతసేపు కూర్చున్నామో కూడా చెబుతుందా?" చెబుతుంది. సాంకేతికంగా దానికి ఏ అడ్డూ లేదు. ఒక సైటులో యాజమాన్యం సరిగ్గా ఆ పనే చేసింది, విరామం ఎక్కువ తీసుకున్నవాళ్ల పేర్లు గోడకు అంటించింది. మర్నాటి నుంచి ట్యాగులు హెల్మెట్ల మీద కాకుండా సామాను గదిలో ఒకే మేకుకు వేలాడాయి. పరికరం లెక్క ప్రకారం అందరూ రోజంతా ఆ గదిలోనే భద్రంగా ఉన్నారు.

ఇప్పుడు నేను బిగించే చోట ముందే ఒప్పందం చేయిస్తాను. యంత్రానికి మనిషి దగ్గరైన క్షణం మాత్రమే నమోదు కావాలి, ఎక్కడ, ఎప్పుడు, ఏ యంత్రం అన్నవి మాత్రమే. పేరు ఉండకూడదు. వారానికోసారి ఆ చుక్కలన్నీ సైటు పటం మీద వేసి, మేస్త్రీలు, ఆపరేటర్లు, ఇంజినీరు కలిసి చూడాలి. ఈమధ్య ఒక సైటులో అలా వేస్తే చుక్కలు చెల్లాచెదురుగా లేవు, ఎక్కువ భాగం ఒకే మూల గుమిగూడాయి. వెళ్లి చూస్తే అక్కడ తాగునీటి డ్రమ్ము ఉంది, సరిగ్గా ప్రొక్లైనర్ దిమ్మె తిరిగే పక్కన. నీళ్ల కోసం వచ్చిన ప్రతివాడికీ బజరు మోగుతోంది, వాళ్లు అలవాటుపడిపోయారు. డ్రమ్మును గోడకు అవతలివైపుకు మార్చారు. బజరు చాలావరకు ఊరుకుంది, ఆపరేటర్ ఇప్పుడు అది మోగితే తల తిప్పి చూస్తున్నాడు.

తర్వాతి వారం పటంలో చుక్కలు కడ్డీలు వంచే చోట చేరాయి. అక్కడ పనిబల్లను జరపడానికి స్థలం లేదు, కాబట్టి టిప్పర్ల దారినే మార్చమంటున్నాను. దానివల్ల ప్రతి బండికీ ఒక చుట్టు ఎక్కువవుతుందని ఇంజినీరు లెక్కలు తీశాడు. వెనక్కి నడిపే పనే లేకుండా ముందుకే తిరిగి వెళ్లిపోయే దారి గీసి నా లెక్క నేను ఇచ్చాను. ఈ వారం ఆపరేటర్లు ఆ దారిలో ఖాళీ బండి నడిపి చూస్తారు.